సూర్యుడికి దిష్టి

కడప జిల్లా బోడిగుట్టపల్లెలో ఈ ఏడాది చీనీ కాయలు పిందె దశలోనే రాలిపోవడానికి గల కారణం కనుగొనబడింది. కారణం ఎత్తు అయిదడుగుల మూడంగుళాలు. వయస్సు యాభై ఆరు. పేరు చిన్న ఈరన్న. కారణం పరారీలో లేదు. దక్షిణపు వీధిలో హంపమ్మ అనే ఇల్లాలితో సహా అందుబాటులో ఉన్నది. ఏ ప్రయోగశాల సాయమూ లేకుండా, ఒక్క సాయంత్రపు సమావేశంలో ఇంతటి శాస్త్రీయ సమస్యను తేల్చివేసిన గ్రామం మరొకటి ఉన్నదేమో విద్వాంసులు పరిశీలించవలసి ఉంది.

ఈరన్న వృత్తి తోటలను చూడడం. చూడడం కూడా ఒక వృత్తేనా అని ఇతర ప్రాంతాల వారు అడగవచ్చు. బత్తాయిని చీనీ అని పిలిచే సీమలో ఆ ప్రశ్న ఎవరూ అడగరు. కాయ కోతకు రాకముందే వ్యాపారి తోటను మాట్లాడుకుంటాడు. చెట్ల మీద ఎంత కాపు ఉన్నదో రైతు ఎక్కువ చెబుతాడు, వ్యాపారి తక్కువ చెబుతాడు. అందులో ఎవరి దోషమూ లేదు; అది వారి వారి ధర్మం. ఇద్దరికీ నడుమ నిలబడి నిజం చెప్పే మనిషి ఒకడు కావాలి. ఆదోని దిక్కు నుంచి భార్యతో వలస వచ్చిన ఈరన్న ముప్పై ఏళ్లుగా ఆ మనిషి. సాళ్ల మధ్య నడుస్తాడు. ఒక చెట్టు చుట్టూ తిరుగుతాడు. కొమ్మల్లోకి తల దూర్చి పైకి చూస్తాడు. వంగి, నేల మీద పడిన నీడను చూస్తాడు. తువాలుతో ముఖం తుడుచుకుని, "ఇరవై రెండు టన్నులు, సామీ" అంటాడు. కోత అయ్యాక తూకం వేస్తే ఒక గంప అటో ఇటో తేలేది. ఆ గంపను కోత కూలీలు తిని ఉంటారని ఉభయపక్షాలూ ఒప్పుకునేవి.

అతడికి చదువు లేదు, భూమి లేదు. ఉన్న ఆస్తి అల్లా ఆ రెండు కళ్లు. నిరుడు వాటిలో కుడి కంటికి పొర కమ్మింది. ఉచిత శిబిరంలో పొర తీసి అద్దం అమర్చారు. కట్టు విప్పిన నాడు ఎదుటి చెట్టు ఆకులు ఒక్కొక్కటిగా విడివడి కనిపించేసరికి ఈరన్నకు కొత్త జన్మ ఎత్తినట్లయింది. ఆ ఆనందమే తర్వాత నేరానికి ప్రేరణ అయిందని విచారణలో తేలింది.

చీనీ తోటకు ఒక మర్యాద ఉంది. చలికాలంలో కొన్ని వారాలు నీళ్లు మాన్పించి చెట్టును వాడబెడతారు. ఆకు ముడుచుకుని, ఇక బతుకు లేదని చెట్టు భయపడిన సమయంలో నీళ్లు వదులుతారు. ఆ సంతోషంతో అది ఒక్కసారిగా పూస్తుంది. ఈ పద్ధతికి మేఘాల సహకారం అవసరం. అంటే అవి రాకూడదు. ఈసారి చెట్లు సరిగ్గా సగం భయపడి ఉండగా మూడు రోజులు వాన కురిసింది. కొన్ని కొమ్మలు పూశాయి, కొన్ని చిగిర్చాయి, కొన్ని ఏమీ తోచక ఊరుకున్నాయి. ఆ పైన మే నెలలో రావలసిన ఎండ మార్చి రెండో వారంలోనే వచ్చి కూర్చుంది. ఊరివారు ఈ విషయాలన్నీ గమనించారు. అయితే వీటికీ కాయ రాలడానికీ సంబంధం అంటగట్టే తొందరపాటు ఎవరూ చేయలేదు.

నేరం జరిగింది మాత్రం ఎండ రావడానికి ముందు రోజే. చీనీ రైతుల సంక్షేమ సంఘం అధ్యక్షులు ఉమామహేశ్వర గారి తోటలో, పదిమంది చూస్తుండగా, పిందెలతో వంగిన కొమ్మ ముందు ఈరన్న నిలబడ్డాడు. ముప్పై ఏళ్ల వృత్తి జీవితంలో టన్నుల సంఖ్య తప్ప మరో మాట పలకని మనిషి నోరు జారాడు.

"అబ్బబ్బ! ఏం కాపప్పా ఇది!"

తొమ్మిదో రోజుకు గోలీకాయలంత పిందెలు నేల మీద పరుచుకున్నాయి. పన్నెండో రోజుకు ఊరిలోని తోటలన్నీ అంతే. ఈరన్న చూసిన ప్రతి తోటలోనూ కాయ రాలింది. అతడు చూడని తోట ఊళ్లో ఒక్కటి తప్ప లేదు కనుక రుజువు దాదాపు సంపూర్ణంగా ఉన్నది.

సంఘం సమావేశమైంది. కొత్తగా వచ్చిన ఉద్యాన అధికారి సాయిప్రసాద్ కూడా హాజరయ్యాడు. ఉద్యోగంలో చేరి ఆరు నెలలే కావడం వల్ల అతడు ఇంకా ఉష్ణమాపకాన్ని నమ్మే దశలో ఉన్నాడు.

"నలభై అయిదున్నర డిగ్రీలండీ. ఇంత వేడికి ఇంత లేత పిందె నిలవదు. వానలు కూడా కాలం తప్పుతున్నాయి. మనం నీడకు వలలు, నేలకు ఆకు కప్పడం, ఇలాంటివి..."

"ఎండ ఈ పొద్దు కొత్తగా వచ్చిందా సార్?" అన్నారు ఉమామహేశ్వర, పసివాడికి అక్షరాలు దిద్దించే ఓర్పుతో. "మా తాత ఎండలోనే పుట్టినాడు, ఎండలోనే పోయినాడు. ఈ ఊర్లోకి కొత్తగా వచ్చిందేమన్నా ఉంటే అది ఈరన్న కంట్లో అద్దమే."

సభలో తలలన్నీ ఒక్కసారిగా ఊగాయి. వాదన అంత పటిష్ఠంగా ఉంది.

"నిజమే గదప్పా," అంది నాలుగెకరాల తోట పోగొట్టుకున్న మద్దమ్మ. "పాత కంటితో ముప్పై ఏండ్లు చూసినాడు, ఏమీ కాలా. అద్దం పెట్టిచ్చుకొని చూసినాడు, తోటలకు తోటలే రాలిపాయ. దీనికి ఇంక మిషన్లు కావల్నా?"

"అక్కా, ముప్పై ఏండ్లు నేను చూసినప్పుడు ఇట్టాంటి ఎండ లేదు గదా," అన్నాడు ఈరన్న.

"చూడండి, చూడండి! తన తప్పు తీసకపోయి పాపం ఎండ మీద ఏస్తాండాడు!"

ఎండ పట్ల సభలో సానుభూతి వ్యక్తమైంది. అప్పుడు తుమ్మలపల్లె గనిలో షిఫ్టు ముగించుకుని వచ్చిన జ్ఞానరాజు లేచాడు.

"ఈరన్న నా తోటలో కాలే పెట్టలేదు. నేను డ్యూటీకి పోతా గేటుకు బీగం ఏసిపోతా. మరి నాది గూడా రాలింది. అదెట్ట?"

ఇది చిక్కు ప్రశ్నే. కాని సంఘం వెనుకాడలేదు. విచారించగా, ఈరన్న కిందటి నెల వేంపల్లెకు బస్సులో వెళ్లినట్టు, ఆ బస్సు జ్ఞానరాజు కంచె పక్కగానే పోయినట్టు వెల్లడైంది.

"బస్సులో యాడ కూసున్నావప్పా?"

"కిటికీ కాడ సీటు దొరికింది సామీ."

ఇంతకుమించి ఒప్పుకోలు ఏ న్యాయస్థానమూ కోరదు. ఈరన్న ఎల్లవేళలా నల్ల కళ్లద్దాలు ధరించాలనీ, తోటల దారిలో నేల చూపులతో నడవాలనీ, ఏ తోటలోనూ అడుగు పెట్టరాదనీ తీర్మానమైంది. 'అబ్బ', 'ఆహా', 'బలే' అనే మూడు మాటలను అతడు పొలిమేర లోపల వాడరాదు. తప్పనిసరి సందర్భాల్లో 'పర్వాలేదు' అనవచ్చు.

తీర్మానం ప్రభావం మొదట అతడి ఇంట్లోనే కనిపించింది. ఆ పూట హంపమ్మ రాగి సంగటి చేసి, చెనిక్కాయల ఊరిబిండి పచ్చడి నూరి ముందు పెట్టింది.

"ఎట్టుండాది?"

"ఉండాది."

"ఉండాదంటే?"

"పర్వాలేదు."

"ఓరి నీ! ముప్పై ఏండ్లలో ఒక్క మంచి మాట నోట్లోంచి ఊడిపడలా. ఇప్పుడు దానికి పంచాయతీ ఆర్డరు గూడా దొరికింది నీకు!" అంది హంపమ్మ. కాసేపటికి ఆమె గొంతు దిగింది. "పని ఎప్పుడు ఇస్తారంటయ్యా? కండ్లు రెండూ బాగుండాయి, చూడనీకే ఏమీ లేదు. ఇంకేం పని వచ్చు నీకు?"

ఈరన్నకు ఇంకే పనీ రాదు. ఆ సంగతి అతడికంటే బాగా ఎవరికీ తెలియదు. నల్లద్దాలతో అరుగు మీద కూర్చుని, ఎవరి మీదా పడకుండా, తన చూపును తన మోకాళ్ల మీదే పెట్టుకునేవాడు. మోకాళ్లు నొప్పి పెట్టాయి. అది కూడా ఊరు గమనించింది.

ఇటు సాయిప్రసాద్ పంట నష్టం నివేదిక తయారు చేశాడు. అతడి ముందున్న నమూనా పత్రంలో వరద, తుపాను, వడగండ్లు, మిడతలు అనే గడులు ఉన్నాయి. ఎండ అనే గడి లేదు. అతడు మార్జిన్‌లో 'అధిక ఉష్ణోగ్రత' అని రాసి పంపాడు. సదరు ప్రాంతంలో ఎండ సహజ స్థితియే గాని విపత్తు కాజాలదని వ్యాఖ్యానిస్తూ పత్రం తిరిగి వచ్చింది. రైతుల ఒత్తిడిపై, 'ఇతరములు' అనే గడిలో 'దిష్టి' అని రాసి మళ్లీ పంపాడు. ఈసారి తిరస్కరించలేదు. కుడి కన్నా, ఎడమ కన్నా స్పష్టపరచవలెననీ, సంబంధిత నేత్రం ఛాయాచిత్రం మూడు ప్రతులలో జతచేయవలెననీ పైనుంచి జవాబు వచ్చింది. ఆ రోజు నుంచి సాయిప్రసాద్ ఉష్ణమాపకాన్ని బీరువాలో పెట్టి తాళం వేశాడు. రోజుకొక్కసారి మాత్రం, ఎవరూ లేనప్పుడు, తీసి చూసుకునేవాడు.

కడప నుంచి చీనీ వ్యాపారి రబ్బానీ వచ్చాడు. ఇరవై ఏళ్లుగా ఈరన్న మాట మీద లారీలు మాట్లాడిన మనిషి. చెట్ల మీద ఇంకా ఏమైనా మిగిలిందేమో తెలియాలి. తెలిపేవాడికి కళ్లు తెరిచే అనుమతి లేదు. చర్చల అనంతరం, కళ్లకు గంతలు కట్టిన ఈరన్నను చెయ్యి పట్టి తోటలో నడిపించడానికి సంఘం దయతో అంగీకరించింది.

ఈరన్న ఒక సాలు వెంట నడిచాడు. అడుగడుక్కీ ఎండు పిందెలు కాలి కింద పటపటమన్నాయి. రెండో సాలు మొదట్లో ఆగాడు.

"ఇంక చాలు భాయ్. లారీ వద్దు. సైకిల్ తెచ్చుకో."

రబ్బానీ లారీ మాట మానుకున్నాడు. ఆ రోజు మిగిలిన కాయను కోసి తూచితే, ఒక సైకిలు మోయగలిగినదానికి కొంచెం తక్కువే తేలింది.

ఇంతటి శక్తి ఊరికే అరుగు మీద పడి ఉండడం జాతికి నష్టమని కొందరికి తోచింది. పక్క ఊరి రైతు ఒకడు వచ్చి, తన దాయాది దానిమ్మ తోట వైపు మధ్యాహ్నం ఒక్కసారి నడిచి వెళ్లమని బతిమాలాడు. ఆ దాయాది అంతకుముందు రోజే వచ్చి వెళ్లాడని తెలుసుకుని నొచ్చుకున్నాడు. మద్దమ్మ అయితే బహిరంగంగానే పిలిపించి, తన చేను నిండా అల్లుకున్న వయ్యారిభామ కలుపు ముందు నిలబెట్టింది.

"మెచ్చుకోప్పా. బాగా మెచ్చుకో. ఈ ఒక్కదానికి నేను పర్మిషన్ ఇస్తాండా."

"అబ్బ," అన్నాడు ఈరన్న. "ఏం కలుపక్కా ఇది. శానా పచ్చగుండాది."

కలుపు మరింత పచ్చగా పెరిగింది. దీనితో సిద్ధాంతం కూలిపోతుందని భావించేవారు సిద్ధాంతాల స్వభావం ఎరుగనివారు. మెచ్చుకోలు మనసులోంచి రాలేదని వెంటనే నిర్ధారణ అయింది.

ఎండ నలభై ఆరు దాటింది. బోర్లు తొమ్మిది వందల అడుగుల లోతున గాలిని తోడుతున్నాయి. ఆ వారమే ఉమామహేశ్వర గారికి మధ్యాహ్నపు నిద్రలో ఆ మహత్తర ఆలోచన తట్టింది. ఈరన్న చూసినవి మాడిపోతున్నాయి. ఎండేమో ఎక్కువైందని ఆఫీసరు అంటున్నాడు. అలాంటప్పుడు ఈరన్న చేత సూర్యుణ్ణే చూపిస్తే? రెండు సమస్యలూ ఒకదానినొకటి పరిష్కరించుకుంటాయి.

"కన్ను పోతుంది సార్!" అన్నాడు సాయిప్రసాద్. "సూర్యుణ్ణి నేరుగా చూడకూడదు. అందులోనూ ఆపరేషనైన కన్ను."

"పోతే పోతాది. ఆ కన్నే గదా మన బాధ," అన్నారు అధ్యక్షులు. తర్వాత ఈరన్న వైపు తిరిగి ఉదారంగా, "నువ్వు మనసారా పొగిడి సూర్యుణ్ణి నాలుగు డిగ్రీలు దించప్పా. నీ మీద పెట్టిన కట్టుబాట్లన్నీ తీసేస్తాం. మళ్లా తోటల్లోకి రా, నీ పని నువ్వు చేసుకో" అన్నారు.

హంపమ్మ ఆ మాట విని పొయ్యి ముందు నుంచి లేచి వచ్చింది. "పోవద్దయ్యా. కన్ను లేని అంచనాగాణ్ణి ఎవడు పిలుస్తాడు?" అంది. ఈరన్న చాలాసేపు ఆలోచించాడు. వెళ్లకపోతే పని లేదు. వెళితే కన్ను లేదు, కన్ను లేకపోతే పని లేదు. ముప్పై ఏళ్లలో అతడికి అందని అంచనా ఇదొక్కటే.

వీక్షణ మహోత్సవానికి ఏర్పాట్లు ఘనంగా జరిగాయి. బడి ముందున్న రెండు పెద్ద వేప చెట్లు చూపుకు అడ్డమవుతాయని ముందురోజే కొట్టివేశారు. ఊళ్లో నీడనిచ్చే చెట్లు ఆ రెండే కనుక, సభికుల కోసం షామియానా తెప్పించారు. షామియానాలో ఉక్క కనుక కూలర్లు తెప్పించారు. కరెంటు లేదు కనుక జనరేటర్ తెప్పించారు. జనరేటర్ పొగ సభికుల మీదికి రాకుండా దాన్ని బయట, ఈరన్న కూర్చునే స్టూలు పక్కన అమర్చారు. ప్రతి చర్యకూ దాని వెనుక ఒక హేతువు ఉన్నదని పాఠకులు గమనించగలరు.

పదకొండు గంటలకు ఉమామహేశ్వర మైకు అందుకున్నారు.

"సభాసదులారా! ఎక్కడెక్కడి దేశాలో కోట్లు పెట్టి, సమావేశాలు పెట్టి, ఈ ఎండను తగ్గించే ఉపాయం కనుక్కోలేకపోయినాయి. ఆ ఉపాయం మన దక్షిణపు వీధిలో అరుగు మీద కూసోని ఉండాది! చెట్లను రాల్చిన ఆ చూపు ఈ పొద్దు లోకకల్యాణానికి తిరగబోతాంది. ఇన్నాళ్లూ ఈయనను మనం అనరాని మాటలన్నాం. నేను గూడా అన్నా. గొప్పవాళ్లను మొదట్లో ఎవరూ గుర్తించరు. చప్పట్లు కొట్టండి!"

కొట్టారు. ఈరన్న కళ్లద్దాలను ఇద్దరు సభ్యులు లాంఛనంగా తొలగించి పళ్లెంలో పెట్టారు. హంపమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

ఈరన్న పైకి చూడలేదు. ముప్పై ఏళ్ల అలవాటు అతణ్ణి స్టూలు మీద కూర్చోనివ్వలేదు. లేచి, తోటలో నడిచినట్టే ఆ ఎండలో నడిచాడు. వంగి, తన నీడ ఎంత పొట్టిగా పడిందో చూశాడు. నేల మీద అరచేయి ఆనించి తీశాడు. కొట్టేసిన వేప మొద్దుల చుట్టూ ఒక్కొక్కసారి తిరిగాడు. జనరేటర్ దగ్గర ఆగి, పొగ ఎటు పోతున్నదో కనిపెట్టాడు. చివరికి చెయ్యి అడ్డం పెట్టుకుని, వేళ్ల సందుల్లోంచి ఆకాశం అంచును ఒక్కసారి చూసి, తువాలుతో ముఖం తుడుచుకున్నాడు.

"పొగుడప్పా!" అని కేకలు వచ్చాయి.

"నాకు పొగడనీకే రాదు సామీ. అంచనా చెప్పమంటే చెప్తా."

"అదే చెప్పు, అదే చెప్పు!"

"ఈ ఎండ పిందె," అన్నాడు ఈరన్న. "మీరు కాయ అనుకుంటాండారు. ఇంకా పిందె దాటలా. కాపంతా ముందుండాది. ఎరువు గూడా బాగా పడతాంది," అంటూ జనరేటర్ వైపు, వేప మొద్దుల వైపు చూశాడు. "మనమే ఏస్తాండాం గదా. ఈ చెట్టు తక్కువ కాయదు సామీ."

షామియానాలో కూలర్ల చప్పుడు మాత్రం వినిపించింది. ఆ నిశ్శబ్దం ఎంతవరకు పోయేదో చెప్పలేం. ఒక ఆలోచన వరకు పోయినా పోయేది. ఆ ప్రమాదాన్ని అధ్యక్షులు సకాలంలో నివారించారు.

"విన్నారా! ఇంతకంటే పొగడ్త ఉంటాదా? 'కాపంతా ముందుండాది' అన్నాడు! ఇంత మాటన్నాక సూర్యుడు బతికి బట్టకడతాడా?"

హర్షధ్వానాలు మిన్నుముట్టాయి.

మరునాడు సాయిప్రసాద్ బీరువా తెరిచి చూసినప్పుడు ఉష్ణోగ్రత నలభై ఆరు పాయింట్ రెండు నుంచి నలభై ఆరుకు దిగి ఉంది. సంఘం దీనిని చారిత్రక విజయంగా ప్రకటించింది. ఆ మరునాడు అది నలభై ఆరున్నరకు చేరింది. అయితే విజయోత్సవ ఊరేగింపు నడుస్తున్నందున ఆ సంగతి ఎవరి దృష్టికీ రాలేదు. ఇచ్చిన మాట ప్రకారం ఈరన్న మీది కట్టుబాట్లను ఎత్తివేశారు. అతడు ఇకమీదట ఏ తోటనైనా నిరభ్యంతరంగా చూడవచ్చు. చెట్ల మీద ఒక్క కాయా మిగలలేదు కనుక ఈ నిర్ణయాన్ని సభ్యులెవరూ వ్యతిరేకించలేదు.

ఊరేగింపు నాటి సాయంత్రం రబ్బానీ వచ్చి అరుగు మీద కూర్చున్నాడు.

"ఈరన్నా, మొన్న సభలో చెప్పినావే, ఎండ పిందె మీద ఉండాదని. అది తమాషాకు అన్నావా, అంచనాకు అన్నావా?"

"తమాషాకు చెప్పేదుంటే పొగిడేసి ఇంటికి పోయేవాణ్ణి గదా భాయ్."

ఆ ప్రసంగం విన్న నాలుగు వందల మందిలో ఈరన్న అంచనాను అంచనాగా నమ్మినవాడు రబ్బానీ ఒక్కడే. నెల తిరగకముందే చీనీ వ్యాపారం చాలించి, పులివెందులలో కూలర్లు, ఏసీల ఏజెన్సీ తెరిచాడు. ఏ వీధికి ఎంత సరుకు పంపాలో చెప్పడానికి ఒక మనిషి కావలసి వచ్చాడు. ఈరన్నకు పని దొరికింది.

ఇప్పుడతడు సాళ్ల మధ్య నడిచినట్టే వీధుల మధ్య నడుస్తున్నాడు. రేకుల ఇళ్లా, మిద్దెలా, పడమటి గోడకు నీడ ఉన్నదా, కొట్టేసిన చెట్టు మొదలు ఎంత లావున్నదో చూసి, "ఈ వీధికి పద్నాలుగు" అంటాడు. మొదటి విడతలో మూడు ఏసీలు ఉమామహేశ్వర గారు తీసుకున్నారు. చీనీ తోట కొట్టించిన చోట ప్లాట్లు వేసి, సంఘం కార్యాలయానికి చల్లని గది కట్టించారు. పంట నష్టం పత్రంలో ఎండ అనే గడి కోరాలా వద్దా అని ఆ గదిలోనే నెలనెలా చర్చిస్తున్నారు. చలి ఎక్కువై చర్చ తరచూ వాయిదా పడుతోంది.

ఈరన్నను చూసి ఎవరూ ముఖం చాటువేయడం లేదు. తలుపులు బార్లా తెరిచి, మేడ మీద గది కూడా చూసిపొమ్మంటున్నారు. పని పెరిగి అతడు జిల్లా దాటాడు, పట్టణాల్లో తిరుగుతున్నాడు. మీ వీధిని పోయిన వారమే చూసి వెళ్లాడు. మొదట ఇంటికొకటి చొప్పున అనుకున్నాడట. మీ ఇంటి ముందు ఆగి, కాంపౌండులో చెట్టుండిన చోట వేయించిన సిమెంటు పలకలను కాసేపు చూసి, రబ్బానీకి ఫోన్ చేసి రెండు రాసుకొమ్మన్నాడు.